మరాఠీ బడికి పోయే పిల్లలకు ఇంట్లో లెక్కలు తెలుగులోనా, మరాఠీలోనా?

గోదారిగట్టు:
మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అంకిస, ఆసరెల్లి దిక్కు చాలా ఇళ్లలో మాట తెలుగే, జడ్పీ బడిలో చదువు మరాఠీ. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేటప్పుడు "ఇరవై ఐదు" అనాలా, "పంచ్‌వీస్" అనాలా? రెండూ అంటే పిల్ల గందరగోళపడుతుందని కొందరు, తెలుగు లేకపోతే లెక్క తలకెక్కదని కొందరు. తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి.

ఉజళణీ:
మరాఠీలోనే చెప్పాలి. బడిలో సార్ అంకెలు నోటితో చెప్పి రాయించేది మరాఠీలో, పాఢే, అంటే ఎక్కాలు, అప్పజెప్పేది మరాఠీలో. ఇంట్లో ఇంకో భాష పెడితే పిల్ల మనసులో ప్రతిసారీ తర్జుమా చేసుకోవాలి. రాసే వేగం అక్కడే పోతుంది.

చీపురుపుల్ల:
తర్జుమా కాదన్నా, అసలు చిక్కు వరుసలో ఉంది. తెలుగులో పదులు ముందు, ఒకట్లు తర్వాత: ఇరవై, ఐదు. రాసేదీ అదే వరుస, 2 తర్వాత 5. మరాఠీలో ఐదు ముందొస్తుంది: పంచ్, వీస్. చెవిన పడ్డది పడ్డట్టు రాసే పిల్ల 52 వేస్తుంది. త్ర్యాహత్తర్ (73) అంటే 37 వేస్తుంది. దాన్ని తెలివితక్కువ అనుకుని కొట్టేవాళ్లున్నారు, అది మాట చేసే తప్పు.

మందు ఇది. చీపురుపుల్లలు పదేసి కట్టలు తొమ్మిది, విడి పుల్లలు తొమ్మిది. పిల్ల ముందు 2 కట్టలు ఎడమ పక్క, 5 పుల్లలు కుడి పక్క పెట్టి "ఇరవై ఐదు" అనిపించండి, రాయించండి. రాసిన దాన్ని చూపించి "బడిలో దీని పేరు పంచ్‌వీస్" అనండి. ముందు వస్తువు, తర్వాత తెలుగు మాట, తర్వాత అంకె, చివర మరాఠీ పేరు. రోజుకు ఐదంకెలు చాలు, పది నిమిషాలు దాటొద్దు.

ఉజళణీ:
పుల్లలకు అభ్యంతరం లేదు. కానీ 29 సంగతేంటి? ఏకోణ్‌తీస్ అంటే 29, ఏక్‌తీస్ అంటే 31. మధ్యలో ఒక్క "ఓణ్" తేడా. తెలుగు దీనికి ఏం సాయం చేస్తుంది?

చీపురుపుల్ల:
చేస్తుంది. "ఒకటి తక్కువ ముప్పై" అని మన ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు గదా, ఏకోణ్ అంటే అదే. 3 కట్టలు పెట్టి ఒక పుల్ల లాగెయ్యండి. లాగాలంటే ఒక కట్ట విప్పాలి, అక్కడే పిల్లకు 2 కట్టలు, 9 పుల్లలు కళ్ల ముందు కనబడతాయి. ఇవి 19 నుంచి 89 దాకా ఎనిమిదే, విడిగా ఒక వారం చేయించండి. 99 మాత్రం ఈ దారిలో రాదు, అది నవ్వ్యాణ్ణవ్. అది బట్టీయే.

బల్లార్షా జంక్షన్:
ఈ చిక్కు మన పిల్లలదే అనుకోకండి. మహారాష్ట్ర బడిపుస్తకాలు వేసే బాలభారతి 2019లో రెండో తరగతి గణితం పుస్తకంలో 21ని ఏక్‌వీస్ బదులు "వీస్ ఏక్" అనే పద్ధతి పెడితే అసెంబ్లీ దాకా గొడవైంది. మంగళా నార్లీకర్ గారు గణితం కమిటీ తరఫున ఆ పద్ధతిని సమర్థించారు. మరాఠీ పిల్లలకే ఆ వరుస బరువని వాళ్లే గుర్తించారంటే, తెలుగు ఇంట్లో అప్పటికే సరైన వరుస ఉండగా దాన్ని దాచడం ఎందుకు? లెక్కలు ఇంగ్లీషులో చెప్పే సెమీ ఇంగ్లీష్‌లో వేసినా ట్వెంటీ ఫైవ్ మన వరుసే.

ఉజళణీ:
సరే, అంకెల వరకు ఒప్పుకుంటా. ఎక్కాల దగ్గర ఒప్పుకోను. "సాత్ సాతీ ఏకోణ్‌పన్నాస్" ఒక పాట, "ఏడు ఏళ్ల నలభై తొమ్మిది" ఇంకో పాట. రెండూ సగం సగం నేర్పితే పరీక్షలో రెండూ రావు. ఎక్కం ఒక్క భాషలో, అది బడి భాషలో.

చీపురుపుల్ల:
ఇక్కడ మీ మాటే సరి. ఒక్కటి మాత్రం కలపండి: పాఢా గడగడా చెప్పే పిల్లను మధ్యలో ఆపి "ఏకోణ్‌పన్నాస్ రాయి" అనండి. 59 వేస్తే నోటికి వచ్చిందే గాని చేతికి రాలేదన్నమాట. అంకె రాయలేని పాఢా ముందుకు నడపొద్దు.

తునికాకు కల్లం:
రాయడం రాని తల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదు. తునికాకు కట్టలు తెలుగులో తప్పు లేకుండా లెక్కపెట్టే తల్లికి లెక్క రాదంటే ఎట్లా? వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. "ఇవాళ 237 అయినయ్, ఇంకెన్ని కావాలి?" అని పిల్లనే అడగమనండి. జవాబు 763. ఎట్లా వచ్చిందో నోటితో చెప్పించుకుంటే చాలు, పుస్తకం చూడనక్కర్లేదు. చేతిలో ఒకటి అనే మాటకు మరాఠీలో హాత్‌చా, అప్పు తెచ్చుకోవడానికి ఉస్‌నా. ఆ రెండు మాటలు తల్లికి తెలిస్తే బడిలో ఏం చెప్పారో అందుతుంది.

బల్లార్షా జంక్షన్:
మాటల లెక్కల్లో ఇంకో గుంట ఉంది. "ప్రత్యేకీ 4 పెన్సిళ్లు" అంటే ఒక్కొక్కరికి 4. మన పిల్ల "ప్రత్యేకంగా" అనుకుని 4 కూడేసి వస్తుంది. ఏకూణ్ అంటే మొత్తం, ఏకోణ్ అంటే ఒకటి తక్కువ, ఇవీ కలిసిపోతాయి. ఉర్‌లే అంటే మిగిలినవి. ఇట్లాంటివి ఓ పది మాటలు తెలుగు అర్థంతో నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టండి. లెక్క చెప్పే ముందు పిల్లతో ప్రశ్నను తెలుగులో తిరిగి చెప్పించండి. అర్థం కాలేదా, లెక్క రాదా అన్నది అక్కడే తేలిపోతుంది.

గోదారిగట్టు:
పావు, అర దగ్గర కూడా ఇంతేనా? దీడ్, అడీచ్ విని పిల్లలు బిత్తరపోతారు.

చీపురుపుల్ల:
దీడ్ ఒకటిన్నర, అడీచ్ రెండున్నర, ఈ రెండు బట్టీయే అన్నా. మూడున్నర నుంచి సాడే వస్తుంది, సాడేతీన్. పావణే దోన్ మాత్రం మనకు తేలిక, అచ్చంగా "పావు తక్కువ రెండు". గడియారం దగ్గర కూర్చోబెట్టి ఒకటీ ముప్పావు చూపిస్తే ఒక పూటలో వచ్చేస్తుంది.

ఉజళణీ:
గడియారం అంటే గుర్తొచ్చింది, దేవనాగరి అంకెలు కూడా చూడండి. మరాఠీ ఒకటి (१) మన 9లాగే ఉంటుంది, మూడును (३) అద్దంలో చూస్తే ఆరు (६). మరాఠీ పుస్తకం, ఇంట్లో గోడ గడియారం రెండూ ఒకేసారి చదివే పిల్ల మొదటి ఆర్నెల్లు వీటినే తప్పుతుంది. తప్పు దిద్దే ముందు ఏ అంకెలో రాసిందో అడగండి.