బొగ్గు తీసేసి అద్దాలు పెడితే పాత ప్లాంటు నడుస్తుందా?

ఆవిరి_బలం:
మూతపడుతున్న బొగ్గు ప్లాంట్లను తుక్కు కింద ఎందుకు అమ్మేయాలి? టర్బైన్‌కి కావలసింది ఆవిరి, అది బొగ్గుతో వచ్చిందా ఎండతో వచ్చిందా అన్నది దానికి అనవసరం. చుట్టూ అద్దాలు పరిచి ఎండను టవర్ మీదికి కొడితే, అక్కడ వేడి పట్టుకోవడానికి తిప్పే కరిగిన ఉప్పు 565 డిగ్రీలకు చేరుతుంది. మామూలు బొగ్గు యూనిట్ ఆవిరి 540 దగ్గరే కదా! జనరేటర్, ఆవిరిని మళ్లీ నీరు చేసే కండెన్సర్, కరెంటును లైన్లకు ఎక్కించే స్విచ్‌యార్డ్, లైన్లు అన్నీ ఉన్నాయి, బాయిలర్ ఒక్కటి మారిస్తే చాలు. స్పెయిన్‌లో ఇలాంటి సౌర ప్లాంటే జెమాసోలార్ 2011లో మొదలైంది, ఎండ లేకున్నా 15 గంటలు నడవడానికి సరిపడా వేడి ట్యాంకులో దాచుకుంటుంది.

నైట్‌షిఫ్ట్:
"బాయిలర్ ఒక్కటి" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. జెమాసోలార్ 20 మెగావాట్లు కూడా లేదు. అమెరికా నెవాడాలోని క్రెసెంట్ డ్యూన్స్ సౌర ప్లాంటులో 110 మెగావాట్లకే పదివేలకు పైగా అద్దాల ఫ్రేములు పెట్టారు, 500 మెగావాట్ల యూనిట్‌కి ఎంత నేల కావాలో మీరే లెక్కేయండి. బొగ్గు ప్లాంట్లను గని, రైలు, నీళ్లు చూసుకుని కట్టారు తప్ప ఎండ చూసి కాదు. పల్చటి మబ్బు పట్టినా, గాలిలో దుమ్ము లేచినా ఈ అద్దాల పని పడిపోతుంది, వాటికి నేరుగా పడే ఎండే కావాలి.

నేను చాలా ఏళ్లు కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను. యూనిట్ ఆగాక టర్బైన్‌లో తిరిగే రోటర్‌ను అలా వదిలేయం, బారింగ్ గేర్ అనే చిన్న మోటారు ఏర్పాటు మీద గంటల తరబడి మెల్లగా తిప్పుతూనే ఉంటాం, లేకపోతే పైన ఒక వేడి కింద ఒక వేడి అయి షాఫ్ట్ వంగుతుంది. నెలల తరబడి ఆగకుండా నడవడానికి చేసిన యంత్రాన్ని రోజూ ఆపి రోజూ లేపితే కేసింగ్, అంటే టర్బైన్ బయటి తొడుగు, పగుళ్లిస్తుంది.

ఎర్ర_ఎండ:
పూర్తిగా మార్చక్కర్లేదండీ, బాయిలర్‌కి వెళ్లే నీళ్లను ఎండతో వేడిచేస్తే ఆ మేరకు బొగ్గు తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో లిడెల్ బొగ్గు ప్లాంటులో చేశారుగా.

నైట్‌షిఫ్ట్:
చేశారు. 2000 మెగావాట్ల ప్లాంటుకి అద్దాలు ఇచ్చిన వేడి 9 మెగావాట్లు. ఆ దేశంలోనే కోగన్ క్రీక్ అనే ఇంకో బొగ్గు ప్లాంటులో 44 మెగావాట్లు తలపెట్టి మధ్యలోనే వదిలేశారు. ఇంత చిన్న సాయం చూపించి బొగ్గును ఇంకో పదేళ్లు సాగదీస్తారేమోనని నా భయం.

ఉప్పు_ట్యాంకు:
అందరూ అద్దాల దగ్గరే ఆగిపోయారు. ట్యాంకులు ఉంచి అద్దాలు తీసేయండి! పగలు సోలార్ ప్యానెళ్ల కరెంటు మిగిలిపోయే చోట హీటర్లతో ఉప్పు వేడిచేసి, సాయంత్రం ఆవిరి తీయొచ్చు. కరెంటును వేడిగా మార్చి మళ్లీ కరెంటు చేస్తే సగానికి పైగా పోతుంది, ఒప్పుకుంటాను, కానీ ఎలాగూ వాడకుండా ఆపేసే కరెంటే కదా. నేల గొడవ ఉండదు, లైన్లు ఎలాగూ ఉన్నాయి. ఉప్పుతో మాత్రం జాగ్రత్త, 220 దగ్గరికి దిగితే పైపుల్లోనే గడ్డకడుతుంది. క్రెసెంట్ డ్యూన్స్‌లో ట్యాంకు లీకై 2016లో నెలల తరబడి ప్లాంటు ఆగిపోయింది.

ఆవిరి_బలం:
నేల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, తప్పే. నైట్‌షిఫ్ట్ గారూ, ట్యాంకు పెద్దదైతే రాత్రంతా తక్కువ లోడ్ మీద నడపొచ్చు కదా, రోజూ ఆపే పని ఉండదు. అప్పుడైనా ఒప్పుకుంటారా?

నైట్‌షిఫ్ట్:
ఒప్పుకుంటా, ముందు రోటర్ తెరిచి ఇంకెన్నేళ్లు పనికొస్తుందో పరీక్ష చేయించండి. ముప్ఫై ఏళ్లు నడిచిన టర్బైన్ అని తెలిసి కూడా అది చూడకుండా ట్యాంకులకు పునాది తవ్వితే నేను సంతకం పెట్టను.