రీబూట్ చేస్తే డీఎన్ఎస్ మళ్ళీ మొదటికే వస్తోంది (ఉబుంటు 22.04)

నీవా ఒడ్డు, చిత్తూరు:
నమస్కారం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, అన్నీ ఉబుంటు (లినక్స్) 22.04 డెస్క్‌టాప్. లారీ తూకం కాగానే కాటా దగ్గరి సిస్టమ్ 'బిల్లింగ్.లాన్' అనే పేరుతో సర్వర్‌ని (192.168.1.10) పట్టుకోవాలి. ఆ పేరు రౌటర్‌లో (192.168.1.1) నమోదై ఉంది. ఇంటర్నెట్ సైట్లు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని ఈటీసీ ఫోల్డర్‌లోని 'రిజాల్వ్.కాన్ఫ్' ఫైల్లో (పేరుకు అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్ల జాబితా అది) మొదటి వరుస రౌటర్, రెండో వరుస 1.1.1.1 (బయటి పబ్లిక్ డీఎన్ఎస్) రాశాను. రీబూట్ చేస్తే పోయి, 127.0.0.53 ఒక్కటే ఉంటోంది. 'చాట్టర్' కమాండ్‌తో ఆ ఫైలు మారకుండా తాళం వెయ్యమంటున్నారు. వెయ్యొచ్చా? ఇంకోటి, బిల్లింగ్ పేరు ఒకసారి దొరుకుతుంది, ఇంకోసారి దొరకదు. తోతాపురి సీజన్‌లో లారీలు గేటు బయటిదాకా నిలబడతాయి, కాటా ఆగితే కష్టం.

అలిపిరి మెట్టు, తిరుపతి:
తాళం వద్దండి. ఉబుంటులో ఆ ఫైలు అసలు ఫైలే కాదు, 'రన్' ఫోల్డర్‌లో ఉన్న ఇంకో ఫైలుకు లింకు. 'రన్' ఉండేది మెమరీలో, కాబట్టి సిస్టమ్ లేచిన ప్రతిసారీ దాన్ని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ (పేర్లకు అడ్రస్ వెతికే సర్వీసు) కొత్తగా రాస్తుంది. 127.0.0.53 అంటే ఆ సర్వీసే. అది తప్పు కాదు, అలాగే ఉండనివ్వండి. లింకు తీసేసి మామూలు ఫైలు పెట్టి తాళం వేస్తే ఆ మెషీన్‌లో వీపీఎన్ (ఇంకో నెట్‌వర్క్‌కు కలిపే ప్రైవేటు దారి) తన డీఎన్ఎస్ పెట్టుకోలేదు. ల్యాప్‌టాప్‌కు అలా చేసి తిరుపతిలో ఏ లాడ్జి వైఫైకో కలిపితే లాగిన్ పేజీ రాకపోవచ్చు, ఎందుకంటే చాలాచోట్ల ఆ పేజీని చూపించేది వాళ్ళ డీఎన్ఎస్సే.

చెప్పాల్సింది కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్‌కు. అది ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రొఫైల్ ఉంచుకుంటుంది. ఆఫీసు ప్రొఫైల్ ఒక్కటే మార్చితే లాడ్జి వైఫై దాని దారిన అది ఆటోమేటిక్‌గానే ఉంటుంది.

ముందు టెర్మినల్‌లో దాని కమాండ్ 'ఎన్ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ షో' కొట్టి పేరు చూడండి. మామూలుగా 'వైర్డ్ కనెక్షన్ 1' అని ఉంటుంది. పేరులో ఖాళీలున్నాయి కనుక కోట్స్ తప్పనిసరి.

సుడో ఎన్ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ మోడిఫై "వైర్డ్ కనెక్షన్ 1" ఐపీవీ4.డీఎన్ఎస్ 192.168.1.1 ఐపీవీ4.ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ యెస్

తర్వాత 'ఎన్ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ అప్' అని, పక్కన అదే పేరు. లైను ఒక్క క్షణం తెగి కలుస్తుంది, తూకం నడుస్తుండగా చెయ్యకండి. ఇగ్నోర్-ఆటో పెట్టకపోతే మీరు రాసిందీ ఉంటుంది, డీహెచ్‌సీపీ (రౌటర్ సెట్టింగ్స్‌ని తనే పంచే పద్ధతి) ఇచ్చిందీ వచ్చి పక్కన చేరుతుంది. మౌస్‌తోనైతే సెట్టింగ్స్, నెట్‌వర్క్, పళ్ళచక్రం గుర్తు, ఐపీవీ4 ట్యాబు. డీఎన్ఎస్ పక్కనున్న ఆటోమేటిక్ ఆపి కింద నంబరు రాయండి.

పలమనేరు రోడ్డు:
పై జవాబులో 1.1.1.1 లేదు, గమనించారా? అక్కడే ఉంది మీ రెండో ప్రశ్నకు జవాబు. 'రౌటర్‌లో దొరక్కపోతే 1.1.1.1ని అడుగుతుంది' అని చాలామంది అనుకుంటారు. డీఎన్ఎస్ అలా నడవదు. మొదటి సర్వర్ 'ఆ పేరు లేదు' అంటే అదే ఆఖరి మాట, రెండోదాన్ని అడగరు. మొదటిది అసలు పలకకపోతేనో, జవాబు చెప్పలేనని ఎర్రర్ ఇస్తేనో రెండోది. మీరు చేత్తో రాసిన ఫైలుతో ఆ ఎదురుచూపు 5 సెకన్లు. రౌటర్ బిజీగా ఉండి పలకలేదనుకోండి, ప్రశ్న 1.1.1.1కు పోతుంది. దానికి మీ బిల్లింగ్.లాన్ ఏం తెలుసు? లేదంటుంది, కాటా స్క్రీన్ మీద ఎర్రర్. రిజాల్వ్‌డ్‌తో ఇంకా చిక్కు: ఒకసారి రెండోదానికి మారితే అది కూడా మొరాయించేదాకా అక్కడే ఉండిపోతుంది.

అందుకని కంప్యూటర్లన్నిట్లో రౌటర్ ఒక్కటే ఉండాలి. 1.1.1.1, 9.9.9.9 లాంటివి రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) సెట్టింగ్స్‌లో పెట్టండి, బయటి పేర్లను అదే అడిగి తెస్తుంది.

నీవా ఒడ్డు, చిత్తూరు:
రెండూ చేశాను. సైట్లు వెంటనే వస్తున్నాయి. 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' కొడితే లింక్ 2 కింద 192.168.1.1తో పాటు కోలన్లున్న పొడుగాటి అడ్రస్ ఒకటి ఉంది. బిల్లింగ్ ఇప్పటికీ అప్పుడప్పుడూ దొరకట్లేదు.

అలిపిరి మెట్టు, తిరుపతి:
అది ఐపీవీ6 (పొడుగాటి కొత్తరకం అడ్రస్‌లు) దారిలో వచ్చిన ఇంటర్నెట్ ప్రొవైడర్ డీఎన్ఎస్, దానికీ మీ బిల్లింగ్ పేరు తెలియదు. నా జవాబులోనే చెప్పి ఉండాల్సింది. ఐపీవీ4కు పెట్టిన ఇగ్నోర్ ఐపీవీ6కు వర్తించదు, విడిగా పెట్టాలి:

సుడో ఎన్ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ మోడిఫై "వైర్డ్ కనెక్షన్ 1" ఐపీవీ6.ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ యెస్

మళ్ళీ కనెక్షన్ అప్ చేసి, పాత జవాబులు పోవడానికి 'రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్' కొట్టండి. ఐపీవీ6ని పూర్తిగా ఆపనక్కర్లేదు. పరీక్షకు 'డిగ్' కమాండ్ వాడకండి, అది సూటిగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది. 'గెట్‌ఎంట్ హోస్ట్స్ బిల్లింగ్.లాన్' అని కొడితే మీ కాటా ప్రోగ్రామ్ వెతికే దారిలోనే వెతుకుతుంది.

పలమనేరు రోడ్డు:
ఎప్పుడైనా సర్వర్ పేరు మార్చాలనుకుంటే చివర '.లోకల్' మాత్రం పెట్టకండి. అది ఎండీఎన్ఎస్‌కు (ఒకే నెట్‌వర్క్‌లోని మెషీన్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి) కేటాయించిన పేరు. ఉబుంటు డెస్క్‌టాప్ దాన్ని ముందు లోకల్ నెట్‌వర్క్‌లో కేకేసి అడుగుతుంది, ఎవరూ పలకకపోతే సాధారణంగా రౌటర్ దాకా పోదు. 2024లో ఐకాన్ (ఇంటర్నెట్ పేర్లను చూసుకునే సంస్థ) ఇలాంటి లోపలి వాడకానికని '.ఇంటర్నల్' కేటాయించింది, అది తీసుకోండి.

నీవా ఒడ్డు, చిత్తూరు:
ఆరింట్లోనూ ఐపీవీ6 ఇగ్నోర్ పెట్టాను. స్టేటస్‌లో ఇప్పుడు 192.168.1.1 ఒక్కటే. గెట్‌ఎంట్ యాభైసార్లు వరసగా నడిపించాను, యాభైసార్లూ 192.168.1.10 వచ్చింది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా.