వాషింగ్ మెషీన్ బోర్డు దొరకదంటున్నారు, కొత్తది కొనాల్సిందేనా?

సుజాత, ఖమ్మం:
ఫ్రంట్ లోడ్ మెషీన్, 2019లో 31 వేలు పెట్టి కొన్నాం. పోయిన నెల గాలివానలో కరెంటు పోతూ వస్తూ ఉంది, ఆ రాత్రి నుంచి ఆన్ కావట్లేదు. కంపెనీ సర్వీస్ వాళ్లు వచ్చి మెయిన్ బోర్డు పోయింది, ఈ మోడల్ ఆపేశారు కాబట్టి బోర్డు రాదు, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి మేడం అంటున్నారు. మోటారు, డ్రమ్ము బాగున్నాయని వాళ్లే చెప్పారు! మా వీధిలో టీవీలు బాగుచేసే అన్నకు చూపిస్తే, సర్క్యూట్ డయాగ్రామ్ ఉంటే చూస్తా గానీ గుడ్డిగా చెయ్యి పెట్టలేను అన్నాడు. అది కస్టమర్ కేర్‌ని అడిగితే బయటివాళ్లకు ఇవ్వం అన్నారు. విడిభాగాలు ఇన్నేళ్లు ఉంచాలని రూల్ ఏదీ లేదా?

రమేశ్, టెక్నీషియన్, హైదరాబాద్:
మేడం, ఆ బోర్డు మాత్రం పారేయకండి. కరెంటు ఎక్కువై పోయినప్పుడు దెబ్బతినేది ఎక్కువగా పవర్ సప్లై భాగమే. ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే, బిళ్లలాగా ఉండే వేరిస్టర్ పగులుతుంది, ఫ్యూజ్ పోతుంది, పక్కనున్న చిన్న పవర్ ఐసీ షార్ట్ అవుతుంది, ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో తక్కువకే దొరుకుతాయి. చిక్కేమిటంటే, తేమ పట్టకుండా బోర్డు మీద రెసిన్, అంటే గట్టిపడే జిగురులాంటిది, పోస్తారు. అది అవసరమే, తప్పుపట్టను. కానీ దాని కింద ఏది ఎక్కడుందో, ఏ పాయింట్‌లో ఎన్ని వోల్టులు రావాలో కాగితం ఉంటే ఆ ఒక్కచోటే గీకి పని అవగొట్టొచ్చు, లేకపోతే మొత్తం గీకాలి, గీకుతుంటే ట్రాక్‌లు, అంటే బోర్డు మీది సన్నటి రాగి గీతలు, లేచిపోతాయి. ఇంకో మెషీన్ బోర్డు తెచ్చి పెట్టినా చాలా మోడళ్లలో నడవదు, మోడల్ సెట్టింగులు మెమరీ చిప్‌లో ఉంటాయి, అవి ఎక్కించే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. స్పేర్ లేకపోయినా ఏదోలా తిప్పలు పడతాం, సమాచారం దాచిపెడితేనే మా చేతులు కట్టేసినట్టు.

కిరణ్, విశాఖ:
కంపెనీ వైపు నుంచి కూడా చూడాలి కదండీ, ఆగిపోయిన ప్రతి మోడల్‌కీ బోర్డులు ఎన్నేళ్లని గోదాముల్లో పెట్టుకుంటారు?

రమేశ్:
సరే, బోర్డులు పెట్టుకోవద్దు. డయాగ్రామ్ పీడీఎఫ్ పెట్టుకోడానికి గోదాము ఎందుకు అన్నా? స్పేర్ ఆపేసిన రోజే ఆ కాగితం అందరికీ ఇచ్చేయొచ్చు కదా.

శ్రీనివాస్, శాన్ హోసే:
ఇక్కడ కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి చట్టం అమల్లో ఉంది. హోల్‌సేల్ ధర 100 డాలర్లు, ఆపైన ఉన్న ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలకు తయారీ ఆపేశాక కూడా 7 ఏళ్లు విడిభాగాలు, టూల్స్, రిపేర్ సమాచారం కొన్నవాళ్లకీ బయటి షాపులకీ ఇవ్వాలి. 2021 జూలై 1 నుంచి తయారై అమ్మకానికి వచ్చిన వస్తువులకే అనుకోండి. యూరప్‌లో వాషింగ్ మెషీన్లకైతే 2021 మార్చి నుంచే ఉంది, ఆ మోడల్ మార్కెట్లోకి రావడం ఆగాక కూడా 10 ఏళ్లు రిపేర్ చేసేవాళ్లకు స్పేర్లు అమ్మాలి, సర్క్యూట్ బోర్డులు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. కాబట్టి అసలు కుదరదు అనే మాట నమ్మకండి.

పద్మజ, అడ్వొకేట్, విజయవాడ:
సుజాత గారూ, ఇన్నేళ్లు స్పేర్లు ఉంచి తీరాలనే చట్టం మన దగ్గర ఇంకా రాలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. గృహోపకరణాలు అందులో ఉన్నాయి గానీ, చాలా కంపెనీలు సర్వీస్ సెంటర్ల నంబర్లు, యూజర్ మాన్యువల్ దాకానే ఆగిపోయాయి. కార్ల విషయంలో మాత్రం 2014లో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కంపెనీలకు దాదాపు 2,544 కోట్లు జరిమానా వేసింది, బయటి మెకానిక్‌లకు స్పేర్లు, డయాగ్నస్టిక్ టూల్స్ అందకుండా చేసినందుకు. వాషింగ్ మెషీన్ విషయంలోనూ వాదన అదే.

మీరు ముందు చేయాల్సింది, బోర్డు లేదు, డయాగ్రామ్ ఇవ్వం అన్న మాట ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పినదాన్ని రుజువు చేయడం కష్టం. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి, చాలాసార్లు అక్కడే కదలిక వస్తుంది. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. గెలుపు ఖాయమని చెప్పను, కానీ కేసు నిలబడుతుంది.

సుజాత:
చాలా థ్యాంక్స్ పద్మజ గారూ, ఈమెయిల్ ఈరోజే పెడతాను. రమేశ్ గారూ, బోర్డు మీకు పంపొచ్చా?

రమేశ్:
పంపండి మేడం. విప్పే ముందు వైర్లు ఏది ఎక్కడుందో ఫొటోలు తీయించండి, మెషీన్ వెనక స్టిక్కర్‌ది కూడా ఒకటి. మెమరీ చిప్ జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకండి, అందులో డేటా పోతే నేనూ ఏం చేయలేను.