4.49, 4.50, 4.51: నా ఎయిర్ రైఫిల్‌కి సరిపడే పెల్లెట్ ఎలా తేల్చుకోవాలి?

వేళచ్చేరి_177
అందరికీ నమస్కారం. చెన్నైలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తున్నాను. రైఫిల్ పీసీపీ (ముందుగా సిలిండర్‌లో గాలి నింపుకునే) మ్యాచ్ రకం, సిలిండర్ 200 బార్. హెచ్ అండ్ ఎన్ కంపెనీ ఫినాలే మ్యాచ్ పెల్లెట్లు (సీసపు గుళ్ళు) 4.49, 4.50, 4.51 మి.మీ. హెడ్ సైజుల్లో (ముందు భాగం వ్యాసం) ఒక్కో టిన్ను తెచ్చి, ఇసుక సంచి మీద ఆనించి ఐదేసి షాట్లు కొట్టాను. మొదటిరోజు గ్రూపులు (బాగా దూరంగా పడ్డ రెండు షాట్ల మధ్య దూరం) వరుసగా 2.1, 3.4, 2.6 మి.మీ. మర్నాడు అవే టిన్నులతో 3.1, 2.2, 2.9. ఏది నమ్మాలి?

అమెరికాలో జింకల వేటకి వెళ్ళేవాళ్ళు తుపాకీ మందు కొలిచి తూటాలు తామే నింపుకుని, ఏ పాళ్ళకి గ్రూప్ బిగుస్తుందో చూసుకుంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో ఆ వేట మాటే లేదు, పెల్లెట్‌లో నింపేందుకు మందూ లేదు. పరీక్ష పద్ధతి మాత్రం అదే పనికొస్తుందా? సీజన్ మొత్తానికి ఒకేసారి కొనాలి, అందుకని అడుగుతున్నాను.

గ్రూప్_కొలత
పనికొస్తుందండీ. కానీ మీ అంకెల్లో ఇంకా ఏమీ తేలలేదు. ఐదు షాట్ల గ్రూప్ ఏ తేడా లేకుండానే నాలుగో వంతు అటూ ఇటూ ఊగుతుంది. 2.1, 3.1 రెండూ ఒకే పెల్లెట్‌వి కావడంలో వింతేం లేదు. ఇంకోటి, 5 షాట్ల గ్రూప్‌ని 10 షాట్లదానితో పోల్చకండి. షాట్లు పెరిగేకొద్దీ గ్రూప్ పెద్దదవుతుంది. అదే రైఫిల్, అదే పెల్లెట్‌తో ఐదుకి సగటున 3.0 వస్తే పదికి 3.7 దాకా వస్తుంది.

ఒక్కో టిన్నుకి పదేసి చొప్పున ఐదు గ్రూపులు కొట్టండి. అంటే 50 షాట్లు, మూడు టిన్నులకి 150. ఒక టిన్ను పూర్తిచేసి ఇంకోటి మొదలెట్టొద్దు. 4.49, 4.50, 4.51 అని ఒక రౌండు, తర్వాత వెనక్కి 4.51, 4.50, 4.49. ఇలా తిప్పుతూ పోతే బ్యారెల్‌లో పేరుకునే సీసమైనా, మధ్యాహ్నం ఎండైనా, మీ అలసటైనా ఒకే టిన్ను నెత్తిన పడదు. టిన్ను మార్చినప్పుడల్లా మొదటి ఐదారు షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. సిలిండర్ 100 బార్‌కి దిగకముందే నింపుకోండి.

ఇసుక సంచి స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే దిమ్మ) కింద ప్రతిసారీ ఒకేచోట ఉండాలి. బ్యారెల్‌కి గానీ సిలిండర్‌కి గానీ తగలకూడదు. క్లబ్‌లో క్లాంప్ ఉంటే ఇంకా మంచిది, రిసీవర్ (బ్యారెల్ బిగించి ఉండే మధ్య లోహభాగం) దగ్గర పట్టించండి.

కాగితం మీద కొలిచేటప్పుడు చాలామంది బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 4.5 తీసేస్తారు. కాగితంలో పడే రంధ్రం 4.5 ఉండదు, కాస్త చిన్నదే. అదే కాగితం మీద ఒంటరిగా ఒక షాట్ కొట్టి, ఆ రంధ్రాన్ని కాలిపర్‌తో కొలిచి ఆ అంకె తీసేయండి.

ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే స్కోరు చూసి పెల్లెట్ ఎంచుకోవడం పెద్ద పొరపాటు. గురి చూసే సైట్ కొంచెం పక్కకి ఉంటే మంచి పెల్లెట్‌కి కూడా 10.2లే పడతాయి. గ్రూప్ మధ్యబిందువు ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ప్రతి షాట్ ఎంత దూరమో సగటు తీయండి. 50 షాట్లకి ఆ సగటులో ఊగిసలాట ఏడెనిమిది శాతానికి దిగుతుంది. టిన్నుల మధ్య తేడా అంతకన్నా స్పష్టంగా ఎక్కువ ఉంటేనే తేడా అనండి. లేకపోతే మూడూ ఒకటే, దొరికేది కొనుక్కోండి.

బయటికి పోయిన షాట్‌ని "అది నా తప్పు" అని తీసేయకండి. తప్పు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే తెలిసి, టార్గెట్ చూడకముందే చెప్పగలిగితేనే అది తీసేయదగ్గ షాట్.

సౌకార్‌పేట్_తూకం
పై పోస్టుకి కొంచెం కలుపుతాను. చాలామంది పెల్లెట్లు తూకం వేస్తూ గంటలు పోగొట్టుకుంటారు. 0.53 గ్రాముల పెల్లెట్‌లో 0.005 గ్రాముల తేడా అంటే ఒక శాతం. 175 మీ./సె. వేగంతో 10 మీటర్లకి పెల్లెట్ సుమారు 16 మి.మీ. కిందికి జారుతుంది. ఒక శాతం బరువు తేడా ఆ జారుడుని 0.16 మి.మీ. మార్చితే ఎక్కువ. స్కోరులో 0.1 అంటే 0.25 మి.మీ. కాబట్టి ఆ తేడా దానిలోపే. పైగా 0.01 గ్రాముల తూకంతో ఇది కనబడదు కూడా. బంగారం కొట్లలో వాడే మిల్లీగ్రాము తూకం కావాలి.

ఆ సమయం స్కర్ట్ (పెల్లెట్ వెనకవైపు పలచటి అంచు) మీద పెట్టండి. అద్దం మీద పెల్లెట్‌ని దొర్లిస్తే నిటారైన పెల్లెట్ ఒకే వంపులో తిరుగుతుంది. స్కర్ట్ నొక్కుకుపోయినది తడబడుతూ పోతుంది. టిన్ను అడుగున, ప్రయాణంలో కుదుపులు తిన్నచోట, ఇలాంటివి ఎక్కువ. వాటిని సైటర్స్‌కి (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే షాట్లకి) వాడుకోండి.

వేళచ్చేరి_177
చాలా థాంక్స్ అండీ. క్లబ్‌లో క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంది. పది షాట్లకి 171 నుంచి 177 మీ./సె. వరకూ చూపించింది. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే గాలి ఒత్తిడి ఇచ్చే భాగం) స్క్రూ తిప్పి వేగం మార్చి, ఏ వేగానికి గ్రూప్ బిగుస్తుందో చూడొచ్చా?

గ్రూప్_కొలత
ముందు ఆ 6 మీ./సె. తేడా సంగతి చూడండి. 2 మీ./సె. తేడాకే పెల్లెట్ నిలువుగా 0.37 మి.మీ. కదులుతుంది. 6కి ఒక మి.మీ. దాటుతుంది, అంటే 0.4 పాయింటు. గ్రూపులు పైకీ కిందికీ సాగి ఉంటే కారణం ఇదే. 4.49 కొన్నా 4.51 కొన్నా అది పోదు. రెగ్యులేటర్ లోపలి ఓ-రింగ్‌లో గానీ వాల్వ్ సీటులో గానీ అరుగుదల ఉండొచ్చు. షాట్ల మధ్య ఒకే విరామం ఇస్తూ మళ్ళీ కొలవండి. చాలాసేపు ఆగాక కొట్టిన మొదటి షాట్ ప్రతిసారీ వేగంగా వస్తే రెగ్యులేటర్ నెమ్మదిగా లీక్ అవుతున్నట్టు. సర్వీస్ చేసేవాళ్ళకి ఇవ్వండి. లోపల గాలి ఒత్తిడి ఉండగా స్క్రూ ముట్టుకోకండి, నూనె అసలే వేయకండి. వేగం పెంచి లాభం కూడా లేదు. 8 జౌళ్ళ దగ్గర ఉన్న మ్యాచ్ రైఫిల్‌ని అక్కడే ఉండనివ్వండి. మన నిబంధనల్లో 20 జౌళ్ళు దాటినా, బోరు 4.5 మి.మీ. దాటినా లైసెన్స్ కావాలి.

సర్వీస్ అయ్యాక పరీక్ష మొత్తం కొత్తగా చేయాలి. ఇప్పటి అంకెలు పక్కన పడేయండి.

ఎన్నూర్_ఉప్పుగాలి
చెన్నై కాబట్టి ఒక మాట. తెరిచిన టిన్నులో పెల్లెట్లు నెలల్లోనే మసకబారి, మీద తెల్లటి పొడి పడుతుంది. అది సీసం తుప్పు. వేలికి అంటుకుంటుంది, బ్యారెల్లోకీ పోతుంది. టిన్ను మూత చుట్టూ టేపు వేసి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. తెల్లబడ్డవి పరీక్షకి వద్దు. ప్రాక్టీస్ అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ ముట్టుకోండి.

బ్యారెల్‌ని పరీక్షకి ముందు ఫెల్ట్‌తో శుభ్రం చేస్తే, తర్వాత 20, 30 షాట్లు పోయాకే లెక్క మొదలెట్టండి. శుభ్రంగా ఉన్న బ్యారెల్‌లో మొదటి షాట్లు వేరేచోట పడతాయి.

కొనేటప్పుడు లేబుల్ మీద 4.50 అని ఉంటే చాలదు, లాట్ నంబరు (ఒకే దఫాలో తయారైన సరుకు గుర్తు) కూడా అదే కావాలి. అదే సైజు, వేరే లాట్ అంటే వేరే పెల్లెట్ అనుకుని మళ్ళీ 50 షాట్లు కొట్టి చూడండి. గెలిచిన టిన్ను మూత మీద మార్కర్‌తో లాట్ నంబరు, తేదీ, సగటు దూరం రాసి, ఖాళీ అయ్యాక కూడా ఆ మూత దాచుకోండి. కొట్లో అదే చూపించి అడగొచ్చు.