అమ్మకి బ్రాంకియెక్టాసిస్: దగ్గు ఆపాలా, కఫం బయటికి తీయాలా?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 61 ఏళ్లు. పెళ్లైన కొత్తలో టీబీ వస్తే కోర్సు మొత్తం వాడింది. ఇప్పుడు ఏళ్ల తరబడి దగ్గు, పొద్దున లేవగానే పచ్చటి కళ్లె బాగా పడితే గానీ ఊపిరాడదు. సీటీ స్కాన్‌లో బ్రాంకియెక్టాసిస్ అని, అంటే ఊపిరితిత్తుల్లోని శ్వాసనాళాలు సాగిపోయే జబ్బని తేలింది. దగ్గు సిరప్ పోస్తే రాత్రి నిద్ర పడుతోంది కానీ తెల్లారేసరికి ఛాతీ బరువెక్కిపోతోంది. చుట్టాలేమో టీబీ తిరగబెట్టింది, మళ్లీ మందులు మొదలెట్టండి అంటున్నారు. పక్కవాళ్లు మొహం తిప్పుకుంటారని అమ్మ పెళ్లిళ్లకి వెళ్లడమే మానేసింది. ఏం చేయాలి?

ఖమ్మం వాసి:
నాకూ ఇదే జబ్బు అక్కా, నాకూ టీబీ తర్వాతే వచ్చింది. మన దేశంలో దీనికి పెద్ద కారణం అదే. టీబీ తగ్గినా శ్వాసనాళాలు సాగిపోయి అలాగే ఉండిపోతాయి, అందులో కఫం నిలిచి మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తుంది. కఫం పరీక్షలో టీబీ లేదని తేలితే అమ్మ దగ్గు ఎవరికీ అంటుకోదు, ఈ మాట చుట్టాలకి గట్టిగా చెప్పండి. పరీక్ష చేయించకుండా మాత్రం టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టొద్దు. దగ్గు అణిచే సిరప్ కూడా మీ అంతట మీరు పోయకండి, కఫం లోపలే ఉండిపోతుంది. కఫంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష కూడా చేయించండి, ఏ క్రిమి ఉందో తెలిస్తేనే సరైన యాంటీబయాటిక్ ఇస్తారు.

ఫిజియో:
రోజూ కఫం తీయడమే ఇందులో అసలు వైద్యం. టిఫిన్‌కి ముందు కూర్చోబెట్టి కాసేపు మామూలు శ్వాస, తర్వాత మూడు నాలుగు సార్లు నిండుగా గాలి పీల్చి వదలడం, ఆ తర్వాత నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు 'హా' అని గట్టిగా వదలమనండి. కఫం గొంతు దాకా వచ్చాకే దగ్గాలి, ముందునుంచే దగ్గితే ఊరికే అలసిపోతారు. కఫం మరీ చిక్కగా ఉంటే ఉప్పునీటి నెబ్యులైజేషన్ (మిషన్‌తో ఉప్పునీటిని పొగమంచులా పీల్చడం) డాక్టరు రాస్తారు, మొదటిసారి వాళ్ల ఎదుటే చేయించండి, కొందరికి పిల్లికూతలు మొదలవుతాయి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి.

తెనాలి అమ్మాయి:
చాలా థ్యాంక్స్ అండి. ఒక్కోసారి కళ్లెలో ఎర్రటి చారలు కనిపిస్తున్నాయి, అది చూస్తేనే టెన్షన్.

ఫిజియో:
చారలున్నా డాక్టరుకి చెప్పాల్సిందే, ఆయన చూసేదాకా ఈ వ్యాయామాలు ఆపండి. రక్తమే నోటినిండా పడితే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.