పిరుదు లోపలి కండరం దాకా లేజర్ వెలుతురు చేరుతుందా?

జగిత్యాల నివాసి: నలభై ఏళ్లుగా చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టిన మా అమ్మకు పిరుదు లోపలి కండరం పట్టేసింది. ఒక క్లినిక్‌లో పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకుని లేజర్ పెట్టారు, నొప్పి తగ్గలేదు. చర్మం, కొవ్వు దాటి వెలుతురు అంత లోతుకు ఎలా పోతుందో తెలిసినవారు చెప్పగలరు.

ఫిజియో కాకినాడ: 800–860 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ (కంటికి కనబడని) కాంతిని రక్తం, నీరు తక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి అది ఎర్ర కాంతి కంటే లోపలికి పోతుందండి. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ కాంతిని గ్రహించడం వల్ల కణానికి శక్తి పెరిగి, వాపు తగ్గి, నొప్పిని మోసే నరాల జోరు తగ్గుతుందన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. లేజర్ వెలువడే ప్రోబును చర్మానికి అదిమి పట్టుకుంటే అక్కడి రక్తం పక్కకు తప్పుకుంటుంది, కండరం కూడా దగ్గరవుతుంది.

జగిత్యాల నివాసి: ఎన్ని సెంటీమీటర్లు పోతుందో చెప్పండి.

శ్రీలత: మా నాన్నగారి మెడనొప్పి నాలుగో సిట్టింగుకే తగ్గింది.

జగిత్యాల నివాసి: అమ్మా, మెడ కండరం పైనే ఉంటుంది. నేను అడుగుతున్నది పిరుదు గురించి.

ఫిజియో కాకినాడ: కాంతి ఫలానా చోట ఆగిందని గీత గీయలేము. అది చెదురుతూ సన్నగిల్లుతుంది, కొన్ని సెంటీమీటర్ల లోతుకు మిగిలేది చాలా చిన్న వంతు. అందుకే మోతాదు లెక్క ముఖ్యం: అర వాట్ పరికరం నిమిషానికి 30 జౌళ్ల (జౌల్ అంటే శక్తి కొలత) కాంతి ఇస్తే, పది వాట్లది 600 ఇస్తుంది. అలాగని ఎక్కువ పెడితే ఎక్కువ మేలు జరగదు, పెద్ద పరికరాన్ని ఒకేచోట ఆపితే చర్మం కాలుతుంది. 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష, రోగుల మీద జరిపిన 16 ప్రయోగాల్లోని 820 మంది మెడనొప్పి రోగులను చూసి మేలు ఉందనే చెప్పింది.

జగిత్యాల నివాసి: మళ్లీ మెడే చెబుతున్నారు. మీ వృత్తిని కాపాడుకోవడానికి మా అమ్మ నొప్పిని పక్కన పెడుతున్నారు.

ఫిజియో కాకినాడ: ఆ మాట అనవలసింది కాదు. లేజర్ ఒక్కటే నయం చేస్తుందని నేను ఏ రోగికీ చెప్పలేదు. దీర్ఘకాలిక నడుమునొప్పికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో దీన్ని సూచించినప్పుడు కూడా ఆధారం బలహీనమనే రాసింది, ఆ జాబితాలో వ్యాయామం కూడా ఉంది. నొప్పి కాస్త తగ్గిన ఆ కొద్ది రోజుల్లోనే కండరాన్ని సాగదీసి, బలపరచాలి. మీ అమ్మగారికి ఏ వ్యాయామాలు నేర్పారు?

జగిత్యాల నివాసి: ఏవీ నేర్పలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టి బోర్లా పడుకోబెట్టేవారు, పది నిమిషాలకు లేపి పంపేవారు. ఒక్కరోజైనా నడిపించి చూడలేదు. యంత్రమే నయం చేస్తుందని నమ్మి ఆమె అదే సాయంత్రం మళ్లీ చేట ముందు కూర్చునేది. నా బాధంతా అదేనండి.

ఫిజియో కాకినాడ: ఇది మొదటే చెప్పి ఉంటే సెంటీమీటర్ల దగ్గర ఇంతసేపు ఆగేవాళ్లం కాదు. క్లినిక్ వాళ్లు ఇచ్చిన చీటీ మీద తరంగదైర్ఘ్యం, జౌళ్లు రాసి ఉన్నాయా?

జగిత్యాల నివాసి: రసీదు ఒక్కటే ఇచ్చారు. దాని మీద "లేజర్, 10" అని మాత్రమే ఉంది.