టీవీలో చూసి మనసుపడ్డాను సరే, 41 ఏళ్లకి విజయనగరంలో గోల్ఫ్ మొదలెట్టడం సబబేనా?

గంటస్తంభం వాసి (విజయనగరం)

2021 ఆగస్టు 7 అంటే అందరికీ సాయంత్రం నీరజ్ చోప్రా విసిరిన బల్లెం గుర్తొస్తుంది. నాకు ఆ పొద్దున్నే గుర్తు. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్‌లో మనమ్మాయి అదితి అశోక్ పతకానికి దగ్గర్లో ఉందంటే టీవీ పెట్టాను. పార్ అంటే ఏటో, బర్డీ అంటే ఏటో తెలీదు. బ్యాగు మోస్తున్నావిడ ఆమె తల్లి అని తెలిశాక ఇంక లేవలేకపోయాను. ప్రపంచ ర్యాంకు 200 ఉన్న అమ్మాయి నాలుగు రోజుల్లో 269 దెబ్బలు కొట్టి, ఒక్క దెబ్బ తేడాలో పతకం ప్లేఆఫ్ తప్పి నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆ ఒక్క దెబ్బ నాలుగేళ్లుగా నన్ను వదల్లేదు. 2025 ఏప్రిల్‌లో గోల్ఫర్ మెక్‌ఇల్‌రాయ్ అమెరికాలోని ఆగస్టాలో మాస్టర్స్ టోర్నీ ప్లేఆఫ్ గెలిచి మోకాళ్ల మీద కూలబడినప్పుడు, ఇక్కడ ఇంకా తెల్లారలేదు, మా ఇంట్లో నేనొక్కడినే లేచి ఉన్నాను.

ఇప్పుడు ఆడాలనుంది. చూడ్డం చాలడం లేదు. మనకి దగ్గర్లో 18 హోల్స్ (బంతిని పడేసే గోతులు) ఉన్న మైదానం అంటే విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్. ఇంటి నుంచి రానూపోనూ నూట ఇరవై కిలోమీటర్లు. ఇద్దరు పిల్లలు, గృహరుణం, గుమాస్తా ఉద్యోగం. ఈ వయసులో, ఈ ఊళ్లో ఉండి మొదలెట్టడం న్యాయమేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఆమదాలవలస మేష్టారు (శ్రీకాకుళం జిల్లా)

మొహమాటం లేకుండానే చెప్తాను బాబూ. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. నాకు సబబుగా కనిపించడం లేదు.

ఆటని ప్రేమించడం వేరు, దాన్ని ఆడడానికి ఇల్లు కదిలించుకోవడం వేరు. మా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆవిడే. మీ నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇప్పటికీ ఇంటికొక బరువులెత్తే పిల్ల కనిపిస్తుంది. మనది బలం ఆటల గడ్డ. కోడి రామ్మూర్తి పుట్టింది మన వీరఘట్టంలో. ఆ ఆటలకి ఒక కడ్డీ, నాలుగు ప్లేట్లు, ఒక షెడ్డు చాలు. అవీ అందక ఆగిపోయిన పిల్లల్ని నా కళ్లతో చూశాను. నువ్వు పెట్రోలుకి పెట్టే డబ్బుతో ఒక అమ్మాయికి లిఫ్టింగ్ బూట్లు వస్తాయి.

ఇంకొకటి. నలభై దాటాక కొత్త ఆటలో నేర్పు రావడం కష్టం. అభిమానిగా ఉన్నన్నాళ్లూ ఆట అందంగా ఉంటుంది. నువ్వే ఆడి, బంతి తగలక, ఆర్నెల్లకి విసుగు పుట్టి టీవీ చూడ్డం కూడా మానేస్తావేమోనని నా భయం. అలా మానేసినవాళ్లని ఎరుగుదును, అది వేరే ఆటల్లోలే.

ముడసర్లోవ ఆదివారాలు (ఊరు విజయనగరం, ఉండేది విశాఖ)

మేష్టారూ, మీ మొదటి మాటకి జవాబు నా దగ్గర లేదు. రెండో మాట మాత్రం ఒప్పుకోను.

లారీ నెల్సన్ అనే అమెరికన్ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చాక, 21 ఏళ్లకి మొదటిసారి క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టుకున్నాడు. తర్వాత మూడు మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు, గెలిచాడు. 21కీ 41కీ తేడా ఉంది, నిజమే. తమ్ముడు మేజర్ గెలుస్తానని అనడం లేదు కదా. ఈ ఆటలో హ్యాండిక్యాప్ ఉంది, అంటే ఆటగాడి స్థాయిని బట్టి లెక్కలో తగ్గించే దెబ్బలు. కొత్తవాడికి 54 వరకూ ఇస్తారు. అంటే పార్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల లెక్క) 72 ఉన్న మైదానంలో 126 కొట్టినవాడు కూడా తన లెక్క తాను నిలబెట్టుకున్నట్టే. నలభైల్లో మొదలెట్టినవాడు పాతికేళ్లుగా ఆడుతున్నవాడితో సమానంగా పోటీ పడగల ఆట ఇంకొకటి నాకు కనబడలేదు. నేను 39లో మొదలెట్టాను.

తమ్ముడూ, అసలు సంగతి విను. పార్ లెక్కలోనే ప్రతి హోల్‌కీ రెండు పట్‌లు (గొయ్యిలోకి బంతిని దొర్లించే దెబ్బలు) కలిపి ఉంటాయి. 18 హోల్స్‌కి 36. పార్ 72లో సగం! ఆ సగం ఆటకి మైదానం అక్కర్లేదు. టోక్యోలో అదితిని చూశావు కాబట్టి నీకే తెలియాలి. అక్కడ స్వర్ణం గెలిచిన నెల్లీ కోర్డా కొట్టిన డ్రైవ్‌లకి, అంటే తొలి దూరపు దెబ్బలకి, అదితివి చాలా వెనకే పడేవి. పచ్చిక మీద బంతిని దొర్లించడంలోనే ఆమె నిలబడింది. ఆ పని మీ ఇంటి వసారాలో మొదలుపెట్టొచ్చు.

క్రికెట్ ఆడే ఉంటావు, భారత క్రికెట్ కెప్టెన్‌గా చేసిన విజ్జీ మహారాజకుమార్ ఊరివాడివి. అదే నీకు మొదటి అడ్డు అవుతుంది. క్రికెట్లో బంతి మన మీదికి వస్తుంది, ముందుకాలు వేసి తల దాని మీదికి తీసుకెళ్తాం. ఇక్కడ బంతి కదలదు, నువ్వూ ముందుకు జరగకూడదు. తల ముందుకు తోశావంటే క్లబ్ బంతి నెత్తిన తగిలి అది నేలబారున పోతుంది. ఇంకో దురభ్యాసం, బంతిని పైకి లేపాలని చేతులతో ఎత్తడం. ఎత్తితే లేవదు. క్లబ్ ముఖానికున్న వాలే దాన్ని లేపుతుంది. ఐరన్ (లోహపు తల ఉన్న క్లబ్) ముందు బంతికి తగిలి, ఆ తర్వాతే నేలని తాకాలి. నాకు ఈ ఒక్క ముక్క ఒంటబట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒక సాయంత్రం హఠాత్తుగా తగిలింది. చేతులకి అసలేమీ తెలియలేదు, బంతి మాత్రం గాల్లో ఉంది.

క్లబ్బులు 14 వరకూ పెట్టుకోవచ్చు గానీ అన్నీ ఉండాలని రూలేమీ లేదు. పాత 7 ఐరన్ ఒకటి, దగ్గరి దెబ్బలకి ఒక వెడ్జ్, దొర్లించడానికి ఒక పటర్ కొనుక్కో. నావి మూడూ కలిపి నాలుగు వేలలో వచ్చాయి, వాడినవే.

నాగావళి అక్క (శ్రీకాకుళం)

మేష్టారూ, "మనది బలం ఆటల గడ్డ" అన్నారు. నాకది గుచ్చుకుంది. మల్లీశ్వరిగారు మొదలెట్టినప్పుడు బరువులెత్తడం ఆడపిల్లల పని కాదన్నవాళ్లు మన జిల్లాలో తక్కువా? ఆవిడ ఎత్తాకే అది మన ఆట అయింది. ఏ ఆటైనా ఎవరో ఒకరు మొదలెట్టాకే మనదవుతుంది.

గోల్ఫ్ ఉన్నవాళ్ల ఆట అని అందరూ అంటారు. ఆడే చోట్లు అలాంటివి, అది అబద్ధం కాదు. అయితే మన దేశంలో దీన్ని బాగా ఆడినవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారో చూడండి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయుడు అలీ షేర్, ఢిల్లీలో ఆటగాళ్ల బ్యాగులు మోసిన క్యాడీ. గోల్ఫర్ చౌరాసియా తండ్రి 1829 నాటి రాయల్ కలకత్తా క్లబ్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి. ఆ కొడుకు 2016లో, 2017లో వరసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు. పెద్ద దెబ్బలు కొట్టేవాడు కాదు, చిప్ (గొయ్యి వైపు చిన్నగా లేపే దెబ్బ), పట్‌లతోనే గెలిచేవాడు. దీక్షా డాగర్‌కి పుట్టుకతో వినికిడి లోపం. 2022 డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం. వీళ్లెవరికీ ఆట పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు.

నా సంగతీ చెప్తాను. రెండేళ్ల కిందట వేరే రాష్ట్రంలో, మా అన్నయ్య ఉండే ఊళ్లో ఒక ప్రాక్టీసు రేంజ్‌కి వెళ్లాను. చీరలో ఉన్నాను. కౌంటర్ దగ్గరతను "మీ సార్ ఎక్కడమ్మా" అని అడిగాడు. సార్ లేరు, నేనే ఆడతానన్నాను. లోపలికి రానిచ్చాడు గానీ గంటసేపూ నా వైపే చూశాడు. ఆ చూపుకి నేను తర్వాత రెండేళ్లు క్లబ్ ముట్టుకోలేదు. ఇప్పుడు తమ్ముడి ప్రశ్న చదివితే నా మీద నాకే కోపం వచ్చింది. నువ్వు మొదలెట్టు. నీకు తోడు ఇంకొకరున్నారంటే నేనూ మొదలెడతాను.

వంశధార చివరాయకట్టు (శ్రీకాకుళం జిల్లా పల్లె)

నాకు గోల్ఫ్ మీద కోపం లేదు బాబూ, నీళ్ల మీదే బెంగ. మా కాలవ చివరికి నీరొచ్చే రోజు మాకు పండగ. 18 హోల్స్ అంటే వంద ఎకరాల పైనే కదా. అంత పచ్చిక ఎండాకాలం కూడా పచ్చగా ఉండాలంటే ఎన్ని నీళ్లు తాగాలి? ఈరోజు ఇద్దరు ముగ్గురు నేర్చుకుంటారు, రేపు యాభై మంది అవుతారు, ఎల్లుండి ఎవడో పెద్దమనిషి "మన జిల్లాకీ కోర్సు కావాలి" అంటాడు. అప్పుడు చూసేది ఎవరి భూమి? మాదే. దాని గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు.

ఇంకోటి అడుగుతాను. బంతి బాగా దొర్లాలంటే పచ్చికే ఉండాలా? నునుపైన నేల చాలదా?

గంటస్తంభం వాసి

అన్నా, చాలుతుంది! నీళ్లు తక్కువైన చోట గొయ్యి చుట్టూ పచ్చికకి బదులు ఇసకని నూనెతో అణిచి చదును చేసి ఆడేవారు. వాటిని గ్రీన్స్ అనరు, బ్రౌన్స్ అంటారు. మన దేశంలోనూ పాత మైదానాల్లో ఉండేవి. ఆట పుట్టినప్పుడు కూడా ఎవరూ పచ్చిక పెంచలేదు. స్కాట్లాండ్ సముద్రపు ఒడ్డున ఇసక దిబ్బల మీద గొర్రెలు మేసిన గడ్డిలోనే ఆడారు.

మీ బెంగ న్యాయమైంది. మన జిల్లాల్లో కోర్సు కట్టమని నేను ఎన్నడూ అడగను, ఎవరైనా అడిగితే మీ పక్కన నిలబడతాను. నేను ఆడాలన్న దానికీ, నా ఊళ్లో వంద ఎకరాలు కావాలన్న దానికీ ముడిపెట్టొద్దు.

మేష్టారూ, బూట్ల మాట రాత్రంతా ఆలోచించాను. నా ఆటకి పరిహారంగా అయితే కొనను. అలా కొంటే నేనేదో తప్పు చేస్తున్నట్టు, ఆ అమ్మాయి నా తప్పు కడుగుతున్నట్టు అవుతుంది. సైజు చెప్పండి, ఈ నెల జీతంలో కొంటాను. గోల్ఫ్ సంగతి వేరే.

నా ఉపాయం ఇది. డాబా మీద రెండు వెదురు బొంగులు పాతి వల కడతాను. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, అందుకని కన్ను అంగుళం లోపున్న చేపల వల కావాలి. కళింగపట్నంలో మా తోడల్లుడు పాత వల ఇస్తానన్నాడు. వల వెనక నెల్లిమర్ల గోనెలు రెండు పొరలుగా వేలాడదీస్తే దెబ్బ చప్పుడు కిందకి పోదు.

ఆమదాలవలస మేష్టారు

సైజు ఏడు. పిల్ల పేరు ఇక్కడ చెప్పను, విడిగా రాస్తాను.

వల సంగతి విన్నాక ఒక మాట. ఆ బంతి 46 గ్రాములే అయినా రాయిలా ఉంటుంది. వల చిరిగితే కింద వీధిలో పిల్లలుంటారు. డాబా మీద మొదట్లో చిల్లుల ప్లాస్టిక్ బంతులే వాడు. కాలేజీ గ్రౌండుకి మాత్రం నిండు స్వింగ్‌తో వెళ్లొద్దు, అక్కడ పొద్దున్నే నడిచేవాళ్లు ఉంటారు. ఈ విషయంలో నేను వినను.

నడుం నొప్పుల వైద్యం (విజయనగరం)

ఫిజియోథెరపీ చేస్తాను, రెండు ముక్కలు. నలభై దాటినవాళ్లు నడుం దగ్గర మెలి తిరుగుతారు. తిరగాల్సింది తుంటి, ఛాతీ. వారం రోజులు క్లబ్ లేకుండా, భుజాల మీద కర్ర పెట్టుకుని ఆ తిరగడం ఒక్కటే చేయండి. రెండోది, సిమెంటు డాబా మీద చాప పరిచి ఐరన్ కొడితే మోచేతి లోపలి వైపు పట్టేస్తుంది. దాని పేరే గోల్ఫర్స్ ఎల్బో. చాప కింద మందంగా పాత పరుపు ముక్క వేయండి, రోజుకి ముప్ఫై దెబ్బలు మించొద్దు.

ముడసర్లోవ ఆదివారాలు

డాక్టర్‌గారు చెప్పింది అక్షరాలా పాటించు. నేను పాటించక మూడు నెలలు పెన్ను పట్టలేకపోయాను.

పట్ సాధనకి హోల్ కొలత 108 మిల్లీమీటర్లు. మన అష్టోత్తరం అంకె, మర్చిపోవు. ఇంట్లో ఆ మూతి ఉన్న డబ్బా ఏదైనా వెతుకు. మూడడుగుల నుంచి వరసగా ఇరవై పడేదాకా దూరం పెంచకు. విశాఖకి నెలకి ఒకసారి రా చాలు, వారం వారం వద్దు. పిల్లల్ని కూడా తీసుకురా.

వంశధార చివరాయకట్టు

కోర్సు అడగనన్నావు, ఆ మాట గుర్తు పెట్టుకుంటాను.

నునుపు నేల అని ఊరికే అడగలేదు. మా కళ్లం ఉంది. వరి కోతలయ్యాక మట్టి తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడ అలికి ఆరబెడతాం. దాని మీద గింజ పడితే కూడా దొర్లుతాది. నిన్న మా బుడ్డోడు కంచు గోళీ వదిలితే ఈ చివర్నుంచి ఆ చివరికి వంకర లేకుండా పోయింది. ఒక మూల చిన్న వాలుంది, వాన నీరు పోవడానికి పెట్టింది. గోళీ అక్కడికెళ్లేసరికి ఎడంకి తిరిగింది.

గంటస్తంభం వాసి

అన్నా, ఆ వాలు చెడగొట్టొద్దు! టీవీలో వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చదివేది సరిగ్గా అదే. ఎప్పుడు రావచ్చు?

నాగావళి అక్క

నేనూ వస్తాను. చీరలోనే వస్తాను.

వంశధార చివరాయకట్టు

రండమ్మా, మా ఆడవాళ్లంతా కళ్లంలో చీరల్లోనే ఉంటారు. నూర్పులు ఇంకా నాలుగు రోజులున్నాయి. గింజ ఎత్తీసిన మర్నాడు పొద్దున్నే రండి, ఆ తర్వాతి వారం ఎడ్లబండ్లు తిరిగితే నేల చెదిరిపోద్ది. గొయ్యి మాత్రం మధ్యలో తవ్వనివ్వను, వాలు మూలన తవ్వుకోండి. బంతులు మీరు తెచ్చుకోండి, నేను ముందుగా తుడిపించి ఉంచుతాను.